అక్క చుక్కలు

ఫిబ్రవరి 4

అక్కా,

ఈ ఉత్తరంతోపాటు ఒక అట్టపెట్టె వస్తుంది. తిరగేసి పెట్టొద్దని పైన బాణం గుర్తు వేశాను. అయినా కొరియరతను తిరగేసే పెడతాడు. తెరిచేటప్పుడు కత్తి లోతుగా దింపకు, లోపల సీసాలున్నాయి.

ఆదివారం బావ ఫోన్ చేశాడు. నేను తేనెపెట్టెల దగ్గరున్నాను. మొహానికి వల, చేతిలో పొగడబ్బా. ఈ పొద్దుతిరుగుడు చేలల్లో సిగ్నలు వచ్చేదే అరకొర, పైగా నా ఎడమ చెవి సంగతి నీకు తెలిసిందే. మొత్తమ్మీద నాకు అర్థమైందేమిటంటే నీకు ఇమ్యూనిటీ బాగా తక్కువగా ఉందని, డాక్టరమ్మ దాని గురించి చాలాసేపు మాట్లాడిందని. "అయితే పెంచాలా?" అని అరిచాను. "ఆఁ, ఆఁ" అన్నాడు బావ. అంతలో లైను తెగిపోయింది.

ఆ మాట విన్నాక నాకు పని మీద మనసు నిలవలేదు. ఎనిమిది నెలల కింద నా కిడ్నీ ఒకటి తీసి నీకు పెట్టారు. కుట్లు మానాయి, నా పని అయిపోయిందనుకుని నా పెట్టెల దగ్గరికి వచ్చేశాను. ఇచ్చేస్తే సరిపోతుందా, దాన్ని నిలబెట్టుకోవడానికి నీకు శక్తి ఉండొద్దా అని అప్పుడు తట్టలేదు.

పెట్టెలో మూడు రకాలున్నాయి. పెద్ద సీసాలో పుప్పొడి. ఈగలు కాళ్ళకి ఉండలు చేసి అంటించుకుని తెస్తాయి, నేను పెట్టె గుమ్మం దగ్గర జల్లెడ పెట్టి రాలగొడతాను. పొద్దున ఒక చెంచా. చుక్కల సీసాలో ఉన్నది జిగురు. చెట్ల బంకతో చేసి పెట్టె లోపలంతా పూసుకుంటాయి, దాంతో లోపల ఏ రోగమూ పుట్టదు. నేను గీరి తీసి, నానబెట్టి, వడకట్టాను. పది చుక్కలు. మూడోది, ఐసుముక్కల మధ్య పెట్టిన వేలెడు సీసా, రాణి మేత. ఇదే అసలైనది. రాణి ఈగా, పనిచేసే ఈగా ఒకే రకం గుడ్డులోంచి వస్తాయి అక్కా. ఈ మేత మీద పెరిగింది ఏళ్ళ తరబడి బతుకుతుంది, మిగతావి నెలన్నర తిరక్కుండా రాలిపోతాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. గోరంత తీసుకుని నాలిక కింద పెట్టుకో. పుల్లగా ఉంటుంది, ఉమ్మెయ్యకు.

నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. వాడాక ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 13

ఒరేయ్ తమ్ముడూ,

పెట్టె అందింది. తిరగేసే తెచ్చాడు. సీసాలు పగల్లేదు గానీ పుప్పొడి మూత వదులై అంతా చల్లింది. మీ బావ నేల మీద కూర్చుని ఒక్కొక్క రేణువూ చీటీ మీదికి ఎత్తి మళ్ళీ సీసాలో పోశారు. ఆయన ఓపిక నీకు తెలుసుగా.

నువ్వు చెప్పినట్టే వేసుకుంటున్నాను. నువ్వేం బెంగపెట్టుకోకు.

అసలు ఈ ఇమ్యూనిటీ గొడవ నాకూ అంతుపట్టదురా. జనంలోకి వెళ్ళొద్దంటారు, దగ్గేవాళ్ళ దగ్గర నిలబడొద్దంటారు, పచ్చికూర తినొద్దంటారు. సరే, ఒంట్లో బలం లేదు కాబట్టి అనుకున్నాను. అయితే బలం పెరగడానికి ఏమైనా ఇవ్వమన్నాను. "అమ్మో, మీకు ఇమ్యూనిటీ పెరగకూడదమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ. పెరక్కపోతే జబ్బులెలా ఆగుతాయి? జబ్బులు రాకూడదట, రాకుండా ఆపేదీ పెరగకూడదట. ఇంకో నలుగురు బయట వేచి ఉన్నారని మళ్ళీ అడగలేదు. మాత్రలు మాత్రం టంచనుగా పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ వేసుకోవాలంది.

ఆ మాత్రలతో ఒక్కటే చిక్కు. చేతులు వణుకుతున్నాయి. అన్నం కలుపుకోవడానికి, జడ వేసుకోవడానికి పరవాలేదు. టైలరు షాపులో నా పని గుండీల కాజాలు కదా. కోటుకి చేత్తో కాజా తియ్యాలంటే అంచు వెంట పోగు పక్కన పోగు పడాలి, వెంట్రుక వాసి పక్కకి పోకూడదు. మొన్న ఒక నల్లకోటుకి తీసిన కాజాని కటింగ్ మాస్టారు అద్దాలు పైకి జరిపి చూశాడు, కోటు మడిచి పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు నా బల్ల మీద కోట్లు లేవు. హుక్కులూ గుండీలూ ఉన్న బుట్ట ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల. తిట్టినా బాగుండేది.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో. నీ కిడ్నీ బాగానే ఉంది. రక్తపరీక్షలో దాని నంబరు ఒకటి పాయింటు మూడు, అది ఎంత తక్కువుంటే అంత మంచిదట. అంత ఉంటే నిశ్చింతగా ఉండొచ్చట.

అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. "పెరగకూడదు" అని ఏ డాక్టరూ అనదు. "తగ్గకూడదు" అని ఉంటుంది. ఆవిడ మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడుతుంది, నువ్వు మూతికి గుడ్డ కట్టుకుని వింటావు. ఇన్నాళ్ళూ మనింట్లో చెవుడు నా ఒక్కడికే అనుకున్నాను.

నువ్వే ఆలోచించు. ఇంటికి కాపలా తక్కువైతే దొంగలు పడతారు. కాపలా ఇంకా తగ్గించండి అని ఎవరైనా చెబుతారా? కాబట్టి పుప్పొడి రెండు చెంచాలు చెయ్యి. చుక్కలు పదిహేను. రాణి మేత అలాగే ఉంచు, దాన్ని తియ్యడం చాలా కష్టం. పది గూళ్ళు విప్పితే పెసరగింజంత రాదు.

నీ చేతులు వణకడం కూడా నీరసమే. మందుల వల్ల అంటున్నావు గానీ, మందు నయం చేస్తుంది గానీ వణికిస్తుందా? లోపల బలం చేరితే అదే నిలబడుతుంది. ఆ మాస్టారి సంగతి వదిలెయ్. ఆయన అద్దాలే మార్చుకోవాలేమో.

బావకి వేరే ఒక చీటీ పెట్టాను. అది మా మగవాళ్ళ సంగతి, నువ్వు విప్పకు.

ఇక్కడ పూత చివరికొచ్చింది. పెట్టెలు వేరే చేలకి మార్చాలి. ఈగలు చిరాగ్గా ఉన్నాయి, నిన్న కనుబొమ్మ మీద కుట్టింది. కన్ను మూసుకుపోయి సగం మొహంతో తిరుగుతున్నాను. ఒక చెవి, ఒక కన్ను, ఒక కిడ్నీ. అన్నీ సగం సగం అయ్యాయి నాకు.

నీ తమ్ముడు

మార్చి 15

తమ్ముడూ,

నీకో మంచి కబురు. చేతులు నిలబడ్డాయి.

రెండు వారాలైంది. మొదట నేనే నమ్మలేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. ఎవరూ చూడకుండా పాత గుడ్డముక్క మీద మూడు కాజాలు తీశాను. మూడూ ముత్యాల్లా వచ్చాయి. వాటిని మాస్టారి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చి నా చోట కూర్చున్నాను. మధ్యాహ్నానికి బుట్ట పోయింది, కోట్లు వచ్చాయి. ఇప్పుడు ఎవరో వాయిద్యగాడి కోటు నా దగ్గరుంది, మెరిసే బట్ట, సూది గుచ్చితే చాలు మచ్చ పడుతుంది. అలాంటిది నాకిచ్చాడు.

ఇదంతా నీ మందు మహిమే అనుకో. మీ బావా అదే అంటున్నారు, తెగ సంబరపడుతున్నారు. పొద్దున్నే లేచి జావ తనే కాచి ఇస్తున్నారు, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ముద్దు చెయ్యలేదు.

ఈమధ్య కాస్త ఆయాసంగా ఉంటోంది, పాదాలు సాయంత్రానికి బరువెక్కుతున్నాయి. బల్ల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటున్నాను కదా, అందుకే అయ్యుంటుంది. పరీక్ష వచ్చేనెల. నువ్వు ఇంకేం పంపకు. ఉన్నవే చాలా ఉన్నాయి.

అక్క

మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మడతల దగ్గర చిరగడం మొదలైంది. అక్షరాలు చూశావా, ఫిబ్రవరి ఉత్తరంలో చీమల బారులా వంకరగా ఉన్నాయి, ఇందులో అచ్చు వేసినట్టున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తున్నాను.

కోప్పడకు, ఒక పని చేశాను. చుక్కలు చిన్న సీసాల్లో పోసి చీటీలు అంటించాను. ఏం పేరు పెట్టాలా అని రెండు రోజులు బుర్ర గోక్కున్నాను, చివరికి "అక్క చుక్కలు" అని పెట్టాను. ఎవరైనా వచ్చి ఇవి ఎందుకు పనికొస్తాయంటే నీ కథ చెబుతున్నాను. పేరు చెప్పడం లేదులే. మా అక్కకి కిడ్నీ మార్చారు, ఇమ్యూనిటీ లేక చేతులు వణికేవి, ఇవి వాడింది, మళ్ళీ సూది పట్టింది అంటాను. విన్నవాళ్ళు మారుమాట లేకుండా తీసుకుపోతున్నారు.

ఇక్కడి బడిలో లెక్కల టీచరమ్మ కూడా తీసుకుంది. ఆవిడకి కీళ్ళ వాపు, సుద్దముక్క పట్టుకోలేకపోతోంది. తన ఒళ్ళే తన కీళ్ళని కొరుక్కు తింటోందని డాక్టరు చెప్పాడట. అదేం జబ్బో నాకర్థం కాలేదు గానీ, బలం చేరితే ఏదైనా సర్దుకుంటుందని రెండు సీసాలిచ్చాను.

పాదాల బరువుకి కాళ్ళ కింద దిండు పెట్టుకో.

నీ తమ్ముడు

ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. కంగారుపడకు, కూర్చునే రాస్తున్నాను.

పరీక్ష చేయించుకుంటే ఆ నంబరు రెండు పాయింటు ఏడు వచ్చింది. అప్పటికప్పుడు మంచం ఇచ్చారు. సన్నటి సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. నా ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని మీద పడుతోందట. అదే మాట అంది డాక్టరమ్మ, పరాయిదని. నీ కిడ్నీని నా ఒళ్ళు పరాయిదనుకోవడం ఏమిట్రా. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం.

రక్తంలో మందు ఉండవలసినంత లేదట. మాత్రలు సరిగా వేసుకుంటున్నారా అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. మరి ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మీ బావ నీ సీసాల సంగతి చెప్పేశారు, ఎన్ని చెంచాలో ఎన్ని చుక్కలో కూడా. ఆవిడ రాసుకోవడం ఆపేసి ఆయన వంకే చూసింది. అలాంటివి ఇమ్యూనిటీని రెచ్చగొట్టవచ్చట, మందు పనిచేసే తీరునీ చెడగొట్టవచ్చట. మామూలు మనిషికి ఎలా ఉన్నా, కిడ్నీ మార్చినవాళ్ళు అడక్కుండా ముట్టుకోకూడదంది. నేను విన్నది తప్పు కాదురా. "పెరగకూడదు" అనే అంది ఆవిడ.

మూడు రోజులు సెలైన్లో ఏదో మందు ఎక్కిస్తారు. దానికి లొంగితే సరే. లొంగకపోతే ఏమిటన్నది నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నీ వల్ల జరిగిందని మాత్రం అనుకోకు. ఆ మాట మనసులోకి రానివ్వకు.

అక్క

ఏప్రిల్ 14

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడి ఆసుపత్రికి పోయాను. అక్కడున్నది చిన్న డాక్టరు, జ్వరాలూ దెబ్బలూ చూస్తాడు. నాకు దగ్గరగా కూర్చుని, నా కుడి చెవిలో నిదానంగా చెప్పాడు. ఒంట్లో కాపలావాళ్ళుంటారు, బయటిది ఏది వచ్చినా చంపడం వాళ్ళ పని, అది రోగమా, తమ్ముడిచ్చిన కిడ్నీయా అని వాళ్ళకి తెలియదు, అందుకే మందులతో వాళ్ళని జోకొట్టి ఉంచుతారు అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇది నాకు తెలిసిన సంగతే అక్కా. రెండు పెట్టెల ఈగల్ని ఒకటి చెయ్యాలంటే మధ్యలో న్యూస్‌పేపరు వేస్తాం. అవి దాన్ని కొరుక్కుంటూ పోయేలోపు ఒకరి వాసన ఒకరికి అలవాటవుతుంది. కాగితం వెయ్యకుండా కలిపితే గుమ్మం ముందు చచ్చినవి గుట్టపడతాయి. ఆ మాటే డాక్టరుతో అన్నాను. "మీ అక్కయ్యకి ఆ కాగితం ఎప్పటికీ తియ్యకూడదు" అన్నాడు.

నేను చేసింది ఆ కాగితం చింపడమే. చెంచాలు లెక్కపెట్టి మరీ చింపాను. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తూ నాకీ ముక్క తట్టలేదు.

అట్నుంచి అటే టీచరమ్మ ఇంటికి పోయాను. ఆవిడ ఒక సీసా అవగొట్టి రెండోది మొదలుపెట్టింది. వాడొద్దండి, ముందు మీ డాక్టరుకి చూపించండి అన్నాను. "మీ అక్కకి తగ్గిందన్నారుగా?" అంది. సీసా తీసుకుని వచ్చేశాను. ఇంట్లో మిగిలినవన్నీ పారబోశాను. చీటీలు గీకితే సగం ఊడాయి, సగం ఊడలేదు, సీసాలే విసిరికొట్టాను.

పెట్టెలు అమ్మేస్తాను. ఎవరో అడుగుతున్నారు. వాటి మొహం చూడబుద్ధి కావడం లేదు.

రావాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని రాను? బావ ఎదురుగా ఎలా నిలబడను? నా ఒంట్లోంచి తీసి ఇచ్చిన దాన్ని నా చేత్తోనే పాడుచేశాను. ఇంకొకటిద్దామంటే ఇంకొకటే ఉంది.

తమ్ముడు

ఏప్రిల్ 20

నాన్నా,

పెట్టెలు అమ్మకు. ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు, మధ్యలో ఆపి ఏ పనీ చెయ్యకు.

నేను నీ సీసాల్లోంచి ఒక్క చెంచా కూడా వేసుకోలేదు. మొదటి రోజు నుంచీ వేసుకోలేదు. డాక్టరమ్మ పెరగకూడదన్నాక భయమేసింది. అలాగని నీకు తిప్పి పంపడానికి మనసు రాలేదు. కిడ్నీ ఇచ్చినవాడు పంపిన సీసా వద్దని ఎలా అనను? వేసుకుంటున్నానని రాసి, సీసాలు దారపుండల డబ్బా వెనక పెట్టేశాను.

మరి చేతులెలా నిలబడ్డాయంటావు. పనికి వెళ్ళే రోజుల్లో పొద్దుటి మాత్ర మానేశాను. హుక్కుల బుట్ట ముందు కూర్చున్న రోజున ఈ ఆలోచన వచ్చింది. ఒక్కపూటకి ఏమవుతుంది, సాయంత్రం ఎలాగూ వేసుకుంటాను కదా అనుకున్నాను. ఆరు వారాలు మానాను. మీ బావకి తెలియకుండా మాత్ర కాగితంలో చుట్టి సంచిలో వేసుకునేదాన్ని, షాపు దగ్గర కాలవలో పడేసేదాన్ని. చేతులు నిలబడ్డప్పుడు ఎంత సంతోషం వేసిందో నీకెలా చెప్పను. నేను మళ్ళీ నేనయ్యాననిపించింది. కాళ్ళు వాస్తున్నా కళ్ళు మూసుకున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను నోరు మూసుకుంటే నువ్వు బతికినన్నాళ్ళూ ఆ బరువే మోస్తావు. అందుకని ముందు మీ బావకి చెప్పాను. నమ్మడానికి ఆధారంగా, పోయి ఆ డబ్బా వెనక చూడండి, నిండు సీసాలుంటాయి అన్నాను. ఆయన వెళ్ళలేదు. "నిండుగా ఉండవు" అన్నారు.

నువ్వు ఆయనకి రాసిన చీటీ నాకిప్పుడు చూపించారు. "అక్కకి నచ్చజెప్పడం నా వల్ల కాదు, వేసుకుంటున్నానంటుంది గానీ మానేసినా మానేస్తుంది, మీరే ఎందులోనైనా కలిపి ఇవ్వండి" అని రాశావు. సీసాలు తరగడం లేదని ఆయన కనిపెట్టి, రోజూ జావలో కలిపేవారట. జావ పచ్చగా ఉందేమిటంటే కొత్త పిండి అన్నారు. చేదుగా ఉందంటే అడుగంటింది అన్నారు. నేనూ తాగేశాను. ఆసుపత్రిలో ఆయన ఏకరువు పెడుతుంటే, ఈయనకేమైనా మతిపోయిందా, నేను వేసుకోనిది వేసుకున్నానంటారేమిటని చూస్తూ ఉండిపోయాను.

అంటే నేను వేసుకోలేదు, వేసుకున్నాను కూడా. తల తిరిగిపోయింది నాకు. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు డాక్టరమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఇద్దరం పూసగుచ్చినట్టు చెప్పాం. ఎవరి వల్ల ఎంత అని అడిగాను. మాత్రలు మానడమే ముఖ్యమైన కారణం అయ్యుంటుందంది. చుక్కలూ పుప్పొడీ ఎంత చెరుపు చేశాయో, అసలు చేశాయో లేదో, విడదీసి చెప్పలేనంది. అది నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు అంది. ఆవిడ నోట ఆ మాట విన్నాక ఎందుకో కాస్త ఊరటగా అనిపించింది. తరవాత, "వణుకు గురించి నాతో ఒక్కమాట చెప్పి ఉంటే వేరే మందు చూసేదాన్ని కదమ్మా" అంది. దానికి మాత్రం తట్టుకోలేకపోయాను. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ప్రాణం నిలబెట్టిన వాళ్ళకి కాజాల గురించి ఏం చెబుతాంలే అనుకున్నానేమో.

మందుకి లొంగింది. నిన్న ఇంటికి పంపారు. నంబరు ఒకటి పాయింటు ఎనిమిది దగ్గర ఆగింది. ఇక కిందికి రాదట, కిడ్నీ మునుపటంత బలంగా ఉండదట. మాత్ర మార్చారు, మళ్ళీ పరీక్ష వచ్చేనెల మొదటి గురువారం. వణుకు సగం తగ్గింది, సగం ఉంది. ఈ అక్షరాలు చూస్తున్నావుగా.

నువ్వు తిట్టు, పడతాను. ఊరికే మాత్రం ఉండకు.

అక్క

ఏప్రిల్ 29

అక్కా,

మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది.

నీ ఉత్తరం చదవగానే మొదట కలిగింది సంతోషం. నా వల్ల కాదు, పూర్తిగా నా వల్ల కాదు అని. అక్క ఆసుపత్రిలో పడి లేస్తే ఇలా సంతోషించేవాణ్ణి ఏమనాలి? ఆ సిగ్గుతో ఒక కాగితం చింపాను. తరవాత కోపం వచ్చింది. పొట్ట కోయించుకుని ఇస్తే కాజాల కోసం కాలవలో మాత్రలు పారేసిందా అని నానామాటలూ రాశాను. అదీ చింపాను. పంపి ఉంటే నువ్వు పడేదానివి, తెలుసు. పడి ఏం లాభం?

వారం రోజులు పెట్టెల మధ్య తిరుగుతూ ఆలోచించాను. రేపు ఎవరైనా వచ్చి, నువ్వు బతుకుతావు గానీ ఇక ఈగల జోలికి పోకూడదంటే ఏం చేస్తాను? సరేనంటాను, వెనక నుంచి పోతాను. నీకు కిడ్నీ ఇచ్చేటప్పుడు నువ్వు బతకాలనుకున్నాను. బతికి ఏం చేద్దామనుకుంటున్నావో నిన్నెప్పుడూ అడగలేదు. ఇచ్చిన తరవాత కూడా అది నాదేనన్నట్టు మేత వేస్తూ వచ్చాను. బావని కూడా దొంగని చేశాను.

పెట్టెలు అమ్మలేదు. తేనె ఒక్కటే అమ్ముతున్నాను. చుక్కల కోసం ఇంకా వస్తున్నారు. నిన్న ఒకాయన, భార్యకి ఏవో పెద్ద మందులు నడుస్తున్నాయట, బలానికి కావాలన్నాడు. ఆ మందులిచ్చిన డాక్టరుని అడిగి రండి అన్నాను. "మొన్నటిదాకా మీరే ఊదరగొట్టారుగా" అన్నాడు. నేను తెలియక చెప్పానన్నాను. విసుక్కుని పోయాడు, ఇంకెక్కడో కొంటాడు. టీచరమ్మ తన డాక్టరుని కలిసింది. ఆయనా వద్దన్నాడట. ఆవిడకి చెరుపేమీ జరగలేదు. దారిలో కనబడి, "తెలియనిది తెలియదని చెప్పమని పిల్లలకి రోజూ చెబుతాను, మీకు ఎవరూ చెప్పలేదా?" అంది. నిలబడి విన్నాను. చెవిటి వైపు నిలబడి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంకా నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి. రాణి మేత తిన్న పురుగు అన్నేళ్ళు బతుకుతుంది కదా, మరి మనిషికి ఎందుకు పనికిరాదని ఆ చిన్న డాక్టరుని అడిగాను. "మీ అక్కయ్య పురుగు కాదు కాబట్టి" అన్నాడు. అది జవాబో వెటకారమో తెలియలేదు.

గురువారం నీ పరీక్ష కదా. బుధవారం సాయంత్రం బస్సు దిగుతాను. డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళదాం. ఆవిడ చెప్పింది నువ్వు వినేది నువ్వు విను, బావ వినేది బావ వింటాడు, నేను కాగితం మీద ఆవిడ చేతే రాయించుకుంటాను. తరవాత నన్ను ఆ షాపుకి తీసుకుపో. నువ్వు ఇప్పుడు ఏ పని చెయ్యగలవో, ఏది లేదో, మాస్టారి ఎదురుగా కూర్చుని మాట్లాడు. నేను పక్కన కూర్చుంటాను, నోరెత్తను.

సంచిలో రెండు చొక్కాలు తప్ప ఏమీ పెట్టుకోలేదు. ఇన్నేళ్ళలో నీ ఇంటికి చేతులూపుకుంటూ రావడం ఇదే మొదలు. బావకి ముందే చెప్పి ఉంచు, లేకపోతే బస్సులో ఏదో మర్చిపోయాననుకుని వెనక్కి పరిగెడతాడు.

తమ్ముడు